మాస్ కమ్యూనికేషన్ చదవండి, కానీ ఎంత అప్పుతో?

పోయిన ఏడాది బోర్డు పరీక్షలకు ఇంకా నెల రోజులుందనగా పన్నెండో తరగతి అమ్మాయి ఒకతె స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది. చేతిలో నిగనిగలాడే ఒక పుస్తకం. ఏదో ప్రైవేటు విశ్వవిద్యాలయం ఇంటికి పంపిన ప్రాస్పెక్టస్. "మేడమ్, నాన్న మిమ్మల్ని ఒకసారి అడగమన్నారు" అంది. ఉదయం ప్రార్థన సమావేశంలో వార్తలు చదివేది ఆ అమ్మాయే. హిందీలో, ఇంగ్లీషులో, వారానికోసారి తెలుగులో. గొంతు బాగుంటుంది. అంతకంటే ముఖ్యంగా, వార్తను తనే కత్తిరించి, తనే కూర్చుకుని తెస్తుంది. ఆమె మాస్ కమ్యూనికేషన్ చదువుతానంటే నాకు ఆశ్చర్యం కలగలేదు. పుస్తకం వెనక పేజీలో ఉన్న ఫీజుల పట్టిక చూసినప్పుడే కలిగింది. మూడేళ్ల డిగ్రీ, ఏడాదికి 3 లక్షలు. హాస్టలు వేరే.

"బ్యాంకు అప్పు ఇస్తుందట మేడమ్. తిరిగి కట్టేది ఉద్యోగం వచ్చాకేనట."

ఆ మాట నేను అంతకు ముందు విన్నదే. మా ఇంట్లో విన్నాను, మా తమ్ముడి నోట. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను. ఈ పత్రిక తెలుగు పేజీలు చదివేవాళ్లలో సగం మందికైనా ఇదే ప్రశ్న రేపో మాపో ఎదురవుతుంది. డాక్టరు కావాలా, ఇంజనీరు కావాలా అన్న ప్రశ్నకు సలహా చెప్పేవాళ్లు వీధికి పదిమంది ఉంటారు. జర్నలిజం, ప్రకటనలు, సినిమా, పబ్లిక్ రిలేషన్స్ వైపు వెళ్తానన్న పిల్లలకు మాత్రం రెండే మాటలు దొరుకుతాయి. ఒకటి "అందులో డబ్బు లేదు, మానెయ్". రెండోది "నీ మనసు చెప్పింది చెయ్, డబ్బు దానంతట అదే వస్తుంది". ఈ రెండూ లెక్క వేయకుండా చెప్పే మాటలే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ చదువు మంచిదే. దానికి పెద్ద అప్పు చేయడం మంచిది కాదు. "అప్పు చేసి పప్పుకూడు తినకూడదు" అన్న పెద్దల ధోరణిలో ఈ మాట అనడం లేదు. చదువుకు అప్పు చేయడం తప్పు కాదు. వైద్య విద్యకో, నర్సింగుకో అప్పు చేస్తే ఒక అర్థం ఉంది, ఆ పట్టా లేకుండా ఆ పని చేయనివ్వరు కాబట్టి. పట్టా అక్కడ తాళంచెవి. విలేకరి పని అలాంటిది కాదు. తెలుగు దినపత్రిక డెస్కులో కూర్చున్నవాళ్లలో తెలుగు ఎం.ఎ. వాళ్లున్నారు, బి.కాం. వాళ్లున్నారు, లెక్కలు చదివినవాళ్లున్నారు. కేంద్ర ప్రభుత్వ సమాచార శాఖలో ఉన్నతోద్యోగాలకు, అంటే ఇండియన్ ఇన్‌ఫర్మేషన్ సర్వీసు గ్రూప్ ఎ ఉద్యోగాలకు సివిల్ సర్వీసెస్ పరీక్ష రాస్తారు. దానికి ఏ డిగ్రీ అయినా చాలు. పట్టా లేనివాడికి కూడా తలుపు తెరిచి ఉండే చోట, ఆ పట్టాకే 9 లక్షలు పోయడం ఎందుకు? ఈ ప్రశ్న ఆ ప్రాస్పెక్టస్‌లో ఎక్కడా ఉండదు.

ఆ సాయంత్రం ఆ అమ్మాయినీ నన్నూ కూర్చోబెట్టింది లెక్కే. తెలుగు టీచరు లెక్కలు చెప్తోందేమిటని లెక్కల మాస్టారు పక్క బల్ల నుంచి నవ్వారు. చివరికి ఆయన కాలిక్యులేటరే తీసుకున్నాం.

మొత్తం ఫీజు 9 లక్షలు. బ్యాంకులు సాధారణంగా ఏడున్నర లక్షల వరకు ఆస్తి తనఖా లేకుండా విద్యారుణం ఇస్తాయి, తల్లో తండ్రో సహరుణగ్రహీతగా సంతకం చేస్తే. అంటే ఏడాదికి రెండున్నర లక్షల చొప్పున మూడేళ్లు తీసుకున్నామనుకుందాం. వడ్డీ 10 శాతం అనుకుందాం. "ఉద్యోగం వచ్చాక కట్టడం" అన్నది నిజమే. చదువు కాలం, ఆపైన సాధారణంగా మరో ఏడాది వాయిదాలు మొదలవ్వవు. కానీ మొదలవ్వనివి వాయిదాలు మాత్రమే. వడ్డీ మీరు మొదటి సంవత్సరం క్లాసులో కూర్చున్న రోజు నుంచే నడుస్తుంది. మొదటి రెండున్నర లక్షల మీద నాలుగేళ్లు, రెండో దాని మీద మూడేళ్లు, మూడో దాని మీద రెండేళ్లు. సాధారణ వడ్డీయే వేసుకున్నా 2 లక్షల 25 వేలు. వాయిదాలు మొదలయ్యే రోజుకు ఏడున్నర లక్షల అప్పు 9 లక్షల 75 వేలై కూర్చుంటుంది.

దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 12,885 రూపాయలు. మొత్తం కట్టేది 15 లక్షల 46 వేలు. పదిహేనేళ్లకు సాగదీస్తే నెలకు 10,480 దాకా తగ్గుతుంది, కానీ మొత్తం 19 లక్షలకు దగ్గరవుతుంది. ఆ అమ్మాయి కాగితం మీద ఆ అంకె కింద రెండు గీతలు గీసింది.

"జీతం ఎంత వస్తుంది మేడమ్?"

ఇదే అసలు ప్రశ్న. దీనికి ప్రాస్పెక్టస్ ఇచ్చిన జవాబు "అత్యధిక ప్యాకేజీ". నవ్వుతున్న ఒక పూర్వ విద్యార్థి ఫోటో, పక్కన పెద్ద అక్షరాల్లో ఒక అంకె. పదో తరగతి లెక్కల పుస్తకంలో సగటు, మధ్యగతం అని రెండు పాఠాలు చదివారు కదా. అవి దేనికి పనికొస్తాయని అడిగే పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఇదిగో, దీనికి. పదిమంది ఉన్న తరగతిలో ఒకరికి నెలకు 80 వేలు, మిగిలిన తొమ్మిది మందికి 18 వేల చొప్పున వచ్చాయనుకోండి. అత్యధికం 80 వేలు. సగటు 24,200. మధ్యగతం 18 వేలు. మూడూ నిజాలే. కానీ మీరు ఆ తరగతిలో చేరితే ఎక్కువ అవకాశం ఉన్నది మూడో నిజంలో. వైద్యం, ఉపాధ్యాయ వృత్తి లాంటి చోట్ల మొదటి జీతాలు దగ్గర దగ్గరగా ఉంటాయి. మీడియా పనుల్లో అలా కాదు. ఒక తెర మీద కనిపించే యాంకరుకూ, ఆ వార్త రాసిన డెస్కు కుర్రాడికీ ఉన్న తేడా ఆకాశానికీ భూమికీ ఉన్నంత. ప్రాస్పెక్టస్‌లో యాంకరు ఫోటో వేస్తారు. డెస్కు కుర్రాడిది వేయరు.

ఇంకో మెలిక కూడా ఉంది. ప్యాకేజీ అంటే చేతికి వచ్చేది కాదు. ఏడాదికి 3 లక్షల 60 వేలు అని రాస్తే పన్నెండుతో భాగించి నెలకు 30 వేలు అనుకుంటాం. అందులో యజమాని కట్టే భవిష్యనిధి, గ్రాట్యుటీ, "పనితీరును బట్టి ఇచ్చే" మొత్తం అన్నీ కలిసి ఉండవచ్చు. మీ అమ్మా నాన్నల జీతం చీటీ ఒకసారి అడిగి చూడండి. మొత్తం జీతానికీ బ్యాంకులో పడేదానికీ తేడా ఎంతో తెలుస్తుంది. సర్కారు జీతం చీటీ కనీసం పారదర్శకం.

నిజమైన అంకె ఎక్కడ దొరుకుతుంది? కొంతవరకు దొరుకుతుంది. ఎన్‌ఐఆర్‌ఎఫ్ అని కేంద్ర విద్యాశాఖ ఏటా విద్యాసంస్థలకు ర్యాంకులు ఇస్తుంది, 2016 నుంచి. దానికోసం ప్రతి సంస్థా ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తి చేశారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వాళ్ల మధ్యగత జీతం ఎంత అని లెక్క సమర్పించాలి. ఆ కాగితం సంస్థ వెబ్‌సైటులో ఏదో మూల ఉంటుంది. మేమిద్దరం వెతికాం, దొరికింది. అందులో అంకె వెనక పేజీలోని అంకెకు దరిదాపుల్లో లేదు. అయినా ఆ కాగితాన్ని కూడా గుడ్డిగా నమ్మొద్దని ఆ అమ్మాయికి చెప్పాను. అది మూడేళ్ల డిగ్రీలన్నింటికీ కలిపి ఇచ్చిన అంకె. కంప్యూటరు డిగ్రీ వాళ్లు, కామర్సు వాళ్లు, మాస్ కమ్యూనికేషన్ వాళ్లు ఒకే కుండలో ఉంటారు. పైగా అది ఉద్యోగం దొరికినవాళ్ల జీతం మాత్రమే, దొరకనివాళ్ల సున్నాలు అందులో లేవు. అమెరికాలో ప్రభుత్వం కాలేజ్ స్కోర్‌కార్డ్ అని ఒకటి నడుపుతోంది. ఏ కళాశాలలో ఏ కోర్సు చదివినవాళ్లకు ఎంత అప్పు మిగిలింది, ఎంత సంపాదన వస్తోంది అని కోర్సు వారీగా చూడవచ్చు. మన దగ్గర అలాంటిది వచ్చేదాకా మీరే అడగాలి. ఫోను చేసి, పోయిన ఏడాది ఈ కోర్సు నుంచి ఎంతమంది బయటికి వచ్చారు, వాళ్లలో కింది సగం మందికి మొదటి జీతం ఎంత అని అడగండి. సమాధానం చెప్పడానికి తడబడితే అదీ ఒక సమాధానమే.

ఇప్పుడు మా తమ్ముడి సంగతి.

వాడు డిగ్రీ అయ్యాక రెండేళ్ల పీజీ కోర్సు ఒక ప్రైవేటు సంస్థలో చేశాడు. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. 6 లక్షల అప్పు. సహరుణగ్రహీత మా నాన్నగారు. నేనప్పుడు మొదటి పోస్టింగులో ఖరగ్‌పూర్‌లో ఉన్నాను, రైల్వే తెలుగు కుటుంబాల పిల్లలకు పాఠాలు చెప్తూ. కోర్సు బాగుందనే చెప్పాలి. వాడికి కెమెరా పట్టుకోవడం, ఎడిటింగు, వార్త రాయడం అన్నీ వచ్చాయి. ఒక తెలుగు చానల్ డెస్కులో 16 వేలకు చేరాడు. ఏడాది గడిచేసరికి వాయిదాలు మొదలయ్యాయి. నెలకు పదిన్నర వేలు. హైదరాబాదులో మిగిలిన ఐదున్నర వేలతో ఎవరు బతుకుతారు? కొన్నాళ్లు నాన్నగారు, కొన్నాళ్లు నేను కట్టాం. వాడికి అది నచ్చలేదు. పద్నాలుగు నెలలు అయ్యాక చానల్ మానేసి ఒక బీమా కంపెనీ ఆఫీసులో చేరాడు. అక్కడ జీతం ఇంకో 9 వేలు ఎక్కువ.

బీమా కంపెనీ ఉద్యోగం చిన్నదని అనడం లేదు. వాడు అక్కడ బాగానే ఉన్నాడు. నన్ను బాధపెట్టేది వేరే. వాడు విలేకరి కావడానికి చేసిన అప్పే వాడిని విలేకరిగా ఉండనివ్వలేదు. ఏ అప్పూ లేని వాడి స్నేహితుడు, ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చదివినవాడు, అదే 16 వేలతో మూడేళ్లు ఓపిక పట్టాడు. ఇప్పుడు అదే రంగంలో మంచి స్థానంలో ఉన్నాడు. ఇద్దరిలో ఎవరు తెలివైనవాడని అడిగితే నేను మా వాడి పేరే చెప్తాను, అక్కని కదా. అయినా తేడా తెలివిలో లేదు. ఓపిక పట్టే వీలు ఒకరికి ఉంది, ఇంకొకరికి లేదు. ఈ వృత్తిలో మొదటి నాలుగైదేళ్లు జీతం పెరగదు, పని నేర్పు పెరుగుతుంది. తర్వాతే డబ్బు. అప్పు సరిగ్గా ఆ నాలుగైదేళ్లనే మింగేస్తుంది.

మీకు ప్రత్యేకంగా పనికొచ్చే ఇంకో ముక్క చెప్తాను. వాడి అప్పు తీసుకున్న బ్యాంకు శాఖ నాన్నగారి పాత క్వార్టర్ల దగ్గరది. ఆయనకు బదిలీ అయింది. మూడు వాయిదాలు ఆలస్యమైనప్పుడు బ్యాంకు పంపిన నోటీసులు ఆ పాత క్వార్టరుకే వెళ్లాయి. అందులో అప్పటికి ఇంకెవరో ఉంటున్నారు. వాళ్లు మంచివాళ్లు కాబట్టి ఒక కవరులో పెట్టి పంపారు, కానీ అది చేరేసరికి చాలా ఆలస్యమైంది. ఇద్దరి పరపతి స్కోరూ దెబ్బతింది, తమ్ముడిదీ నాన్నగారిదీ. మనలాంటి కుటుంబాలు గ్యాస్ కనెక్షను మార్చుకుంటాయి, బడి టీసీ తీసుకుంటాయి, ఫ్రిజ్‌ను లారీలో ఎక్కిస్తాయి. విద్యారుణం చిరునామా మార్చాలని ఎవరికీ గుర్తురాదు.

బదిలీ కుటుంబాల విషయం వచ్చింది కాబట్టి కాస్త ఆగుతాను. ఈ ప్రశ్న మిగతా పిల్లలకంటే మీకు ఎందుకు గట్టిగా తగులుతుందో చెప్పాలి.

తక్కువ ఫీజు చదువు ఎక్కడ ఉంటుంది? రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో. ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954 నుంచి ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ ఉంది. కానీ తెలుగు రాష్ట్రాల్లో ప్రవేశాలకు స్థానికత అనే నియమం ఉంది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి నడుస్తున్నది, 85 శాతం సీట్లు స్థానికులకు. స్థానికుడంటే సాధారణంగా అర్హత పరీక్ష వరకు వరుసగా నాలుగేళ్లు అక్కడే చదివి ఉండాలి. మీలో వరుసగా నాలుగేళ్లు ఒకే ఊళ్లో చదివినవాళ్లు చేతులెత్తండి అంటే ఎన్ని చేతులు లేస్తాయో నాకు తెలుసు. ఎనిమిది జలంధర్‌లో, తొమ్మిది జోధ్‌పూర్‌లో, పది విశాఖలో, పన్నెండు ఇక్కడ. మీ అమ్మమ్మగారి ఊళ్లో మీరు స్థానికేతరులు, పుట్టిన ఊళ్లోనూ అంతే. మిగిలిన 15 శాతం సీట్లలో రాష్ట్రంలో పనిచేస్తున్న కేంద్ర ఉద్యోగుల పిల్లలకు చోటుంది, కానీ ఆ పోటీ వేరు. రాష్ట్ర విభజన జరిగి పదేళ్లు నిండాక ఈ నియమాల్లో మార్పులు కూడా వస్తున్నాయి. అందుకే దరఖాస్తు చేసే ఏడాది నోటిఫికేషను మీరే చదవాలి, పక్కింటి అన్నయ్య రెండేళ్ల కిందట చెప్పింది కాదు.

ఈ తలుపు సగం మూసి కనిపించేసరికి చాలా కుటుంబాలు ప్రైవేటు తలుపు వైపు తిరుగుతాయి. అది ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది, ఏ ఊరివాళ్లని అడగదు. ఆ అమ్మాయి నాన్నగారు చేసిందీ అదే. "మాకు సొంత రాష్ట్రం అంటూ లేదు కదండీ" అన్నారు ఫోనులో. ఆయన గొంతులో తప్పు చేసినట్టు ఒక జంకు వినిపించింది. తండ్రి ఉద్యోగం వల్ల పిల్లకు ఊరు లేకుండా పోయిందన్న బాధ, దాన్ని ఫీజు కట్టి తీర్చుకోవాలన్న తొందర. ఇలాంటి తొందరలో చేసే అప్పే అన్నిటికన్నా ఖరీదైనది.

మూడో తలుపు ఒకటి ఉందని ఆయనకు గుర్తు చేశాను. కేంద్రీయ విశ్వవిద్యాలయాలు. వాటిలో డిగ్రీ ప్రవేశాలకు 2022 నుంచి సీయూఈటీ అనే ఉమ్మడి పరీక్ష ఉంది. దాన్ని తెలుగుతో కలిపి 13 భాషల్లో రాయవచ్చు, తెలుగును భాషా పేపరుగానూ తీసుకోవచ్చు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో కొన్ని కళాశాలల్లో బి.ఎ. ఆనర్స్ జర్నలిజం ఉంది. డిగ్రీ ఏదైనా చేసి పీజీకి జామియా మిల్లియాలోని మాస్ కమ్యూనికేషన్ పరిశోధన కేంద్రానికో, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూలుకో వెళ్లవచ్చు. ఢిల్లీలో ఐఐఎంసీ ఉంది, 1965లో మొదలైంది, ఇప్పుడు డీమ్డ్ విశ్వవిద్యాలయం. ఫీజు విశ్వవిద్యాలయాలకంటే ఎక్కువే, అదీ చూసుకోవాలి. ఇంట్లో ఉండి చదవాలంటే ఇగ్నోలో జర్నలిజం ఎం.ఎ. ఉంది. నాన్నగారికి ఎక్కడికి బదిలీ అయినా అది మీ వెంటే వస్తుంది. ఇవి కాక తెలుగు దినపత్రికలు కొన్ని సొంతంగా జర్నలిజం పాఠశాలలు నడుపుతున్నాయి. అక్కడ ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు నుంచి తెలుగు అనువాదం తప్పకుండా ఉంటుంది, శిక్షణ కాలంలో భృతి ఇస్తారు. ఫీజు కట్టి నేర్చుకోవడానికీ, డబ్బు తీసుకుంటూ నేర్చుకోవడానికీ మధ్య తేడాను అప్పుల లెక్కలో ఎటువైపు రాయాలో చెప్పనక్కర్లేదు.

ఇక్కడ మీ చేతిలో ఉన్న ఆస్తి సంగతి కూడా చెప్పాలి. దాన్ని మీరు ఆస్తి అనుకోరు, ఇబ్బంది అనుకుంటారు. మీలో చాలామందికి హిందీ వీధి భాష, ఇంగ్లీషు బడి భాష, తెలుగు ఇంటి భాష. కొందరికి పంజాబీయో బెంగాలీయో అదనం. మీడియాలో డెస్కు పని సగం అనువాదమే. ఇప్పుడు సబ్‌టైటిళ్లు, డబ్బింగు స్క్రిప్టులు, ప్రకటనల తెలుగు రూపాలు, ఇవన్నీ అదనంగా వచ్చిపడ్డాయి. ఈ పని కావాలంటే రెండు భాషల్లో తప్పు లేకుండా రాయాలి. నిజం చెప్పాలంటే మీ తెలుగు మాట బాగుంటుంది, రాత బాగుండదు. ఒత్తులు ఎగిరిపోతాయి. దాన్ని బాగు చేయడానికి 9 లక్షలు అక్కర్లేదు. నా దగ్గర ఉచితమే, వారానికి రెండు పేజీలు రాసి తెస్తే చాలు. (ఈ మాట పదేళ్లుగా ప్రతి ఊళ్లోనూ చెప్తున్నాను. తెచ్చేవాళ్లు ముగ్గురు నలుగురే.)

ఇంత చెప్పాక కూడా ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఆ అమ్మాయే అడిగింది. "మంచి సంస్థలో పరిచయాలు ఏర్పడతాయి కదా మేడమ్, స్టూడియో ఉంటుంది, ఇంటర్న్‌షిప్పులు ఉంటాయి. వాటి విలువ లెక్కలో వేయరా?" వేయాలి. కొన్ని ప్రైవేటు సంస్థల పేరు నిజంగానే తలుపులు తెరుస్తుంది, కొన్ని ప్రభుత్వ శాఖల్లో కెమెరాలకు దుమ్ము పట్టి ఉంటుంది. అది దాచాల్సిన పని లేదు. కానీ ఆ విలువను కూడా రూపాయల్లోకి మార్చమంటాను. ఆ పేరు వల్ల మొదటి జీతం ఎంత పెరుగుతుంది? 12,885 పెరుగుతుందా? పెరిగితే వెళ్లండి. ప్రభుత్వ కళాశాలలో చదువుతూ సెలవుల్లో ఒక పత్రికలో పని చేసినా పరిచయాలు వస్తాయి. దానికి దారి ఖర్చులు చాలు.

ఎంత అప్పు చేయవచ్చు అంటే, నేను వాడే కొలత ఇది. మొదటి నెల చేతికొచ్చే జీతంలో ఐదో వంతు దాటి వాయిదా ఉండకూడదు. 20 వేల జీతం అనుకుంటే వాయిదా 4 వేలు. పైన చెప్పిన వడ్డీతో, పదేళ్ల గడువుతో వెనక్కి లెక్కిస్తే మూడేళ్ల చదువుకు 2 లక్షల 30 వేల దాకా తీసుకోవచ్చు. అంతకు మించితే ఆ అప్పు మీ ఉద్యోగాన్ని మీకు బదులు ఎంచుకోవడం మొదలుపెడుతుంది. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో ఎంపిక చేసిన సంస్థల్లో సీటొస్తే తనఖా, పూచీకత్తు లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉన్నవాళ్లలో కొందరికి 10 లక్షల దాకా అప్పు మీద 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. మీరు అనుకున్న సంస్థ ఆ జాబితాలో ఉందో లేదో ముందు చూడండి. రాయితీ వచ్చినా అసలు మాత్రం మీరే కట్టాలి.

అప్పు బ్యాంకు పేరుతోనే ఉండాలని లేదు. ఇది మా స్టాఫ్‌రూములో కూడా ఎవరూ పైకి అనరు. పిల్లల చదువు భత్యం, ఇప్పుడు ఒక్కొక్కరికి నెలకు 2,812 రూపాయల 50 పైసలు, పన్నెండో తరగతితో ఆగిపోతుంది. సరిగ్గా ఖర్చు పదింతలయ్యే చోట. అప్పుడు నాన్నగారు జీపీఎఫ్ నుంచి తీస్తారు. 2004 జనవరి తర్వాత చేరినవాళ్లయితే ఎన్‌పీఎస్‌లో తాము వేసుకున్న దాంట్లో నాలుగో వంతు దాకా తీయవచ్చు. "అప్పేమీ లేదమ్మా, మన డబ్బే" అంటారు మీతో. అది వాళ్లు రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి వెళ్లి కట్టుకోవలసిన ఇంటి డబ్బు. మన కుటుంబాలకు ఉద్యోగం ఉన్నన్నాళ్లే ఇల్లు ఉంటుంది. వడ్డీ లేని అప్పు అని దాన్ని లెక్కలోంచి తీసేయకండి. అడగడానికి మొహమాటమేమీ అక్కర్లేదు. పదిహేడేళ్లు వచ్చాయి, ఇంటి డబ్బు ఎంతో తెలుసుకునే వయసే.

ఒక చిన్న ముచ్చట. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1908లో ఆంధ్రపత్రికను మొదలుపెట్టింది తెలుగు నేల మీద కాదు, బొంబాయిలో. అప్పటికి పదిహేనేళ్ల కిందటే ఆయన అమృతాంజనం తయారీ మొదలుపెట్టి ఉన్నారు. తలనొప్పి మందు సంపాదించింది, పత్రిక ఖర్చు పెట్టింది. తెలుగు పత్రికా రచనలో డబ్బు సంగతి మొదటి నుంచీ ఇలాగే ఉంది. ఈనాటికీ మండలాల్లో చాలామంది విలేకరులకు నెల జీతం ఉండదు, అచ్చయిన వార్త పొడవును బట్టి లైన్ అకౌంట్ ఇస్తారు. పత్రికా సిబ్బంది వేతనాల కోసం మజీఠియా బోర్డు సిఫార్సులు 2011లో నోటిఫై అయ్యాయి, 2014లో సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. అయినా కాంట్రాక్టు మీద చేరే కొత్తవాళ్లకు ఆ లెక్క అందడం అరుదు. ఇదంతా మిమ్మల్ని వెనక్కి లాగడానికి చెప్పడం లేదు. వెళ్లేవాళ్లు జేబు తేలిగ్గా వెళ్లాలని చెప్తున్నాను. అప్పు లేని విలేకరికి ఎడిటరుతో "ఈ వార్త నేను రాయను" అనే ధైర్యం ఉంటుంది. వాయిదా ఉన్నవాడు ఆ మాట అనే ముందు నెలాఖరు తేదీ చూసుకుంటాడు.

ఆ అమ్మాయి ప్రాస్పెక్టస్‌ను నా బల్ల మీదే వదిలేసి వెళ్లింది. సీయూఈటీ రాసింది. ఢిల్లీలో అనుకున్న సీటు రాలేదు, మార్కులు కాస్త తగ్గాయి. చివరికి ఇంకో కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రంలో చేరింది. జర్నలిజం పీజీలో చూసుకుంటానంది. హాస్టలుకూ మెస్‌కూ కలిపి 60 వేలు మాత్రం బ్యాంకులో తీసుకున్నారు. సరైనదో కాదో ఇంకో ఐదేళ్లకు గానీ తెలియదు. నేను పొరబడి ఉండవచ్చు కూడా. ఆ ప్రైవేటు సంస్థలో చేరి ఉంటే ఈపాటికి ఆమె చేతిలో కెమెరా ఉండేది.

పోయిన నెల ఫోను చేసింది. వాళ్ల నాన్నగారికి జోర్హాట్‌కు ఆర్డరు వచ్చిందట. సామాను సర్దుతున్నారు.

"మేడమ్, బ్యాంకుకి ఏ అడ్రసు ఇవ్వమంటారు?"

"మీ తాతగారి ఊరిది ఇవ్వమ్మా" అన్నాను. "ఫోను నంబరు మాత్రం నీదే ఇవ్వు, నాన్నగారిది కాదు."